బోరుల నీళ్లు పడలే, నా డ్రమ్ముల మాత్రం పడ్డయి

మా రాక్ పాట మొత్తం నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. డ్రమ్స్ నావి. గిటారు, బేసు, గొంతు మూడూ పాలమూరుల ఉండే మా దోస్తువి. వాడు అక్కడ వాని ఇంట్ల రికార్డు చేసి ఫైళ్లు పంపుతడు, నేను ఇక్కడ నల్లగొండ పక్కన మా ఊర్ల, మా ఇంటి మీది రూముల డ్రమ్స్ కొట్టి మళ్ల వానికి పంపుత, ఇప్పటిదాక ఇద్దరం ఒక్క రూముల కూసొని వాయించింది లేదు. వాడు పాటను బోరు మీద రాసిండు. బోరు కొట్టుడంటే విసుగు అనుకునేరు, కాదు, నిజం బోరే, బండి పెట్టి వేసే బోరు. నల్లగొండ పేరు సైన్సు పుస్తకాల్లకు ఎక్కింది గూడ నీళ్ల వల్లనే కదా, నీళ్లలకెంచి ఫ్లోరైడు తీసెటందుకు పటిక, సున్నం వాడే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు, నేను ఫిజిక్స్ చెప్పేటోన్ని గాబట్టి పిల్లలకు ఈ ముక్క ఎప్పుడూ చెప్త, సిలబస్‌ల లేకున్నా.

పాటల మూడు చరణాలు. మొదటి దాంట్ల ఒకాయన అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని చెల్కంత తిరిగి పాయింటు చూపిస్తడు. రెండో దాంట్ల రాత్రి బోరు బండి వస్తది, ఊరంత చుట్టూ చేరుతది, ఫీటు ఫీటుకు లెక్క నడుస్తది. మూడో దాంట్ల నాలుగు వందల యాభై ఫీట్లు దిగినా తెల్ల దుమ్మే లేస్తది, తెల్లారెటప్పటికి బండి మాస్టు పండబెట్టుకొని పోతది. ఆ మూడో చరణంల, "నాలుగు వందల యాభై" అన్న మాట కాంగనే నేనొక ఫిల్లు పెట్టిన, ఫిల్లంటే నడిచే బీటు ఆపి డ్రమ్ములన్నిటి మీద చేతులు ఉరికిచ్చే ముక్క. ముందటి స్నేర్ డ్రమ్ము నుంచి టామ్స్ అనే డ్రమ్ముల మీదికెంచి, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్ దాక దిగి, క్రాష్‌లు అనే పెద్ద సింబల్ రేకులు రెండూ ఒక్కసారే కొట్టి లేచుడు. అది కుదిరినరోజు రూముల నేనొక్కన్నే లేచి గంతులేసిన. పాట మొత్తంల నాకు నచ్చింది ఆ రెండు సెకన్లే.

ఇగ అందరికీ పంపినం. తెలిసినోళ్లు, తెలువనోళ్లు, హైదరాబాద్‌ల బ్యాండ్లల్ల వాయించేటోళ్లు, నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు నాకు స్టిక్కు పట్టుకునుడు నేర్పిన అన్న, మొత్తం పదకొండు మందికి. "డ్రమ్స్ ఎట్లున్నయో చెప్పుండ్రి" అని. మా దిక్కు ఫీడ్‌బ్యాక్ అంటే అయ్యగారి మైకు కుయ్యిమనుడే, ఇంకో అర్థం ఎవలకూ తెల్వదు, నాకు మాత్రం ఆ వారం రోజులు ఫోను కిందపెట్టబుద్ధి కాలే.

నలుగురు "సూపర్ బ్రో" అన్నరు. వాళ్లను ఏమనను, నేను గూడ ఎవలన్నా వాళ్ల చిన్నపిల్ల డ్యాన్సు వీడియో పంపితే సూపర్ అనే పెడ్త, చూడకముందే. ఇంకిద్దరు ఇప్పటికీ వినలే. మిగిలిన ఐదుగురు నిజంగ విన్నరు, నిజంగ రాసిండ్రు, పేరాలు పేరాలు. ఆ ఐదుగురి మీదనే ఈ గోస అంత.

ఆ ఐదుగుర్ల నలుగురు డ్రమ్మింగు గురించి ఒక్క ముక్క మాట్లాడలే. డ్రమ్ముల సౌండు గురించి మాట్లాడిండ్రు. కిక్కుకు, అంటే కాలుతోని కొట్టే పెద్ద డ్రమ్ముకు, ఇంకో మైకు పెట్టాలె, స్నేర్‌ల డబ్బా సౌండు వస్తుంది, ఓవర్‌హెడ్లు, అంటే డ్రమ్ముల మీద వేలాడే మైకులు, కండెన్సర్ రకం మంచియి తీస్కో, సౌండు మారుమోగకుండ రూము ట్రీట్‌మెంట్ చేయించు. ఒకాయనైతే 1971ల వచ్చిన లెడ్ జెప్లిన్ అనే బ్యాండు నాలుగో ఆల్బమ్ ముచ్చట తీసిండు, ఇంగ్లండ్‌ల హెడ్లీ గ్రేంజ్ అనే పాత పెద్ద ఇంట్ల, మెట్ల హాల్ల ఒక పాటకు వాళ్ల డ్రమ్మరు జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టి, మీదికెంచి రెండే మైకులు వేలాడదీసి రికార్డు చేసిండ్రు, నీకు రెండు మైకులు సాలవా అని. సాలవు అన్న. వాళ్లకు మూడంతస్తుల మెట్ల హాలు ఉండె, నాకు పది ఫీట్ల పొడువు పదకొండు ఫీట్ల వెడల్పు రూము, తలమీద స్లాబు. సింబల్ కొట్టిన సౌండు స్లాబుకు తాకి మైకు దగ్గరికి వచ్చెటందుకు ఎంతసేపు, కన్ను మూసి తెరిచే అంత గూడ పట్టది. అండ్ల బోనమ్ చేతులు గూడ లేవు, అది వేరే ముచ్చట.

అట్లని వాళ్లు చెప్పింది తప్పని కాదు. ఒకాయన చెప్పిన ముచ్చట మస్తు పనికొచ్చింది, రెండు ఓవర్‌హెడ్ మైకులూ స్నేర్ నడుమ నుంచి సరిగ్గ ఒకే దూరంల ఉండాలె అన్నది. గ్లిన్ జాన్స్ అని పాత రికార్డింగు ఇంజనీరు పేరు మీద నడిచే పద్ధతిల గూడ అసలు కిటుకు ఇదే. నేను ఫిజిక్స్ చెప్తనే గని నా ఇంట్ల నాకు తట్టలే సూడు. మా ఎండకాలం 35 డిగ్రీలల్ల ధ్వని సెకనుకు 352 మీటర్లు పోతది, అంటే మిల్లీసెకనుకు 35 సెంటీమీటర్లు. రెండు మైకుల దూరంల 35 సెంటీమీటర్లు తేడా ఉంటే ఒకదానికి మిల్లీసెకను ఆలస్యం, రెండిట్నీ కలిపితే 500 హెర్ట్‌జ్ కాడ ఒకదాన్నొకటి కొట్టేస్తయి, స్నేర్‌ల గుండె కొట్టేసే జాగ అది. డబ్బా సౌండు ఎక్కడికెంచి వస్తుందో అప్పుడు సమజైంది. మా అమ్మ జాకెట్లు కుట్టే టేపు తెచ్చి కొలిచిన, నా మైకులకు తేడా 30 సెంటీమీటర్లు దాటింది. సుతిలి తాడు ఒక ముక్క కోసి స్నేర్ నడుమ ఒక కొస పట్టుకొని రెండు మైకులకూ సమానం చేసిన. ఖర్చు సున్నా. స్నేర్ స్నేర్ లెక్క మోగింది.

ఐతే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలె. సౌండు గురించి చెప్తుంటే నాకు మస్తు హాయిగ ఉండె. మైకు మంచిది కాదంటే తప్పు మైకుది. రూము మంచిది కాదంటే తప్పు రూముది, ఇల్లు కట్టిన మేస్త్రీది. రేపు జీతం వచ్చినంక ఇంకో మైకు కొంటే అయిపాయె. నా చేతులది, నా కాలుది తప్పని ఎవ్వలూ అంటలేరు గదా. నేను వాళ్లను అడిగింది "డ్రమ్స్ ఎట్లున్నయి" అని, "నేను ఎట్ల కొట్టిన" అని కాదు, ఆ తేడా నాకు తెల్వక అడిగిన్నా తెలిసే అడిగిన్నా అంటే, చెప్పను. ఇంట్ల రికార్డింగు చేసుకునే మనలాంటోళ్లల్ల సగం మంది సామాన్ల గురించే మాట్లాడుకునుడు ఎందుకంటే సామాన్లకు సిగ్గు శరం ఉండది గాబట్టి అని నాకు గట్టిగ అనిపిస్తుంది.

సౌండు ముచ్చటలల్ల గూడ చేతుల తప్పు దాసుకొని ఉంటది. "సింబల్స్ మరీ ఎక్కువున్నయి, మిక్సుల తగ్గించు" అని ముగ్గురు అన్నరు. ఎట్ల తగ్గిస్త? నాకు ఉన్నది మూడు మైకులు, రెండు మీద, ఒకటి కిక్కుల. మీది మైకుల సింబలూ స్నేరూ టామ్సూ అన్నీ కలిసే వస్తయి, సింబల్ తగ్గించాలంటే స్నేర్ గూడ తగ్గుతది. ఇరవై మైకులు ఉన్నోనికి మిక్సింగు బల్ల మీద ఉంటది, మూడు మైకులు ఉన్నోనికి మిక్సింగు మోచేతుల ఉంటది. నేను హై-హ్యాట్‌ను, అంటే కాలుతోని మూసి తెరిచే జంట సింబల్ రేకులను, స్టిక్కు కొసతోని కాకుండ మెడతోని, సగం తెరిచి పెట్టి, రేకుల షెడ్డు మీద వడగండ్లు పడ్డట్టు కొట్టిన. క్రాష్‌ను పగ ఉన్నట్టు కొట్టిన. టామ్స్ కాడికి వచ్చేసరికి చేయి అలిసి మెల్లగ తాకిన. ఇది మిక్సు తప్పు కాదు, నా తప్పే, కని వాళ్లు దాన్ని మిక్సు తప్పని చెప్పిండ్రు, నేను మిక్సు తప్పనే విన్న. నేను హై-హ్యాట్ మెల్లగ, స్నేర్ గట్టిగ కొట్టుడు నేర్చుకునెటందుకు నెల పట్టింది. ఇప్పటికీ కోరస్ రాంగనే మరిచిపోత.

ఇంకో నవ్వులాట. ఒకాయన, చెవులు మంచియే ఆయనవి, "రెండో చరణం దాక ఒక రూము, మూడో చరణం నుంచి ఇంకో రూముల రికార్డు చేసినవా" అని అడిగిండు. నాకు ఒక్క నిమిషం అర్థం కాలే, తర్వాత నవ్వొచ్చింది. మా మీది రూముల యాసంగి వడ్ల బస్తాలు పెట్టినం, గోడల పొంట నిట్టనిలువు పేర్చి ఉండె, నా రికార్డింగుకు అవే ట్రీట్‌మెంట్. రెండు చరణాలు అయినంక వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌ల కాంటా మొదలైంది, బస్తాలు పోయినయి, రూము ఖాళీ. మూడో చరణం ఖాళీ గోడల నడుమ కొట్టిన. అంత సన్న తేడా పట్టిన మనిషి, ఆ మూడో చరణంల పాట ఏం చెప్తుందో పట్టించుకోలే. ఆయనను ఎందుకు అంటున్న, నేను పట్టించుకున్ననా?

ఐదో ఆయన ఒక్కడు టైమింగు గురించి రాసిండు. "ఫిల్స్ ఊగుతున్నయి, అన్నీ గ్రిడ్‌కు లాగెయ్యి, రెండు నిమిషాల పని" అని. ఈ మాట మీద నాకు మస్తు కోపం, ఇప్పటికీ ఉంది. సాఫ్ట్‌వేర్‌ల క్వాంటైజ్ అని ఒక బటన్ ఉంటది, దెబ్బలన్నిట్నీ తీస్కపోయి గీత మీద నిలబెడ్తది, స్కూల్ల ప్రార్థన లైను లెక్క. వద్దన్న. మొండితనం అనుకోండ్రి. నేను తప్పు ఎక్కడ చేస్తున్ననో తెల్వకుండనే అది తప్పు మాయం చేస్తది, రేపు ఇంకో పాటల మళ్ల అదే జాగల అదే తప్పు చేస్త. పిల్లగాడు లెక్క తప్పు చేస్తే జవాబు దిద్ది మార్కులు ఏసినట్టు. గీత మీదికే లాగేది ఉంటే నాకు 28 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ కిట్టు కొని హైదరాబాద్ నుంచి డీసీఎంల వేసుకొచ్చే అవసరం ఏమొచ్చింది, దోస్తుగాడే కంప్యూటర్‌ల డ్రమ్స్ పెట్టుకుంటుండె గదా. ఆయన చెప్పిన రోగం నిజమే, మందు తప్పు. కని ఊగుతున్నయి అంటే ఎక్కడ, ఎటు దిక్కు, ముందటికా ఎనుకకా, అది చెప్పలే. నేను గూడ కోపంల అడగలే.

అది చెప్పింది నా పాత స్టూడెంటు. ఇంటర్ల నా దగ్గర ఫిజిక్స్ చదివిండు, చదివిండు అనుడే గని ఎక్కువ కిటికీలకెంచి బయటికే చూసేటోడు, ఇప్పుడు పెండ్లి బరాతులకు ప్యాడ్, అంటే కరెంటు డ్రమ్ము, వాయిస్తడు. సీజన్ల రాత్రికి ఒకటి, ఒక్కోసారి రెండు ఊర్లు. క్లాక్ టవర్ కాడ ఛాయి తాగుతుంటే కలిసిండు, సార్ మీరు గూడ వాయిస్తరంట గదా వినిపించుండ్రి అన్నడు. ఫోను స్పీకర్లనే పెట్టిన, పక్కన బస్సులు, హారన్లు. వాడు బండి మీద కూసొని పెట్రోలు ట్యాంకు మీద వేళ్లతోని తాళం వేస్తుండు, తల ఊపుతుండు. మొదటి కోరస్ ముందు ఫిల్లు వచ్చింది, వాని చెయ్యి ఆగింది. ఒక్క దెబ్బ. మళ్ల అందుకున్నడు. రెండో కోరస్ ముందు మళ్ల ఆగింది. మూడో చరణంల నా ముద్దుల ఫిల్లు కాడ చెయ్యి మొత్తం తీసేసిండు, ట్యాంకు మీదికెంచి, మళ్ల పెట్టెటందుకు రెండు సెకన్లు పట్టింది.

పాట అయిపోయినంక "మంచిగుంది సార్" అన్నడు. నేను వాని మాట వింటలేను, చెయ్యి చూస్తున్న. ఇంకోసారి పెట్టిన. మళ్ల అవే మూడు జాగలల్ల ఆగింది. ఏమైందిరా అక్కడ అన్న.

"సార్ తప్పుగ అనుకోకుండ్రి, మీకు అక్కడ తొందరెందుకు? బరాతుల గిట్ల కొడితే ఎగిరేటోని కాలు ఇంకా గాలిల ఉంటది, మీ దెబ్బ పడ్తది. వాడు కింద పడ్తడు. పడి లేచి మనల్నే తిడ్తడు. ఆ రోజు నోట్లు ఎవ్వడూ తిప్పడు."

ఛాయి పైసలు గూడ వాడే ఇచ్చిండు.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచి కొలిచిన. పాట నిమిషానికి 96 బీట్లు, అంటే బీటు బీటుకు 625 మిల్లీసెకన్లు, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ముక్కకు 156. మొదటి ఫిల్లు తర్వాత క్రాష్ 22 మిల్లీసెకన్లు ముందు పడ్డది. రెండోది 41. మూడోది 68. ముక్కల దాదాపు సగం. సంబరం పెరిగిన కొద్ది తొందర పెరిగింది, గ్రాఫు గీస్తే గీత నిటారుగ లేస్తది. ఫోను స్పీకర్ల, బస్సుల మోతల, 22 మిల్లీసెకన్ల తేడా వాని వేళ్లకు తెలిసింది. నాకు పదివేల హెడ్‌ఫోన్ల తెల్వలే.

తొందర ఎందుకైతుందో గూడ వెతికిన. బీటు నడిచేటప్పుడు నా ఎడమకాలు హై-హ్యాట్ పెడల్ మీద టప్ టప్ అనుకుంట గడియారం లెక్క నడుస్తది. ఫిల్లు మొదలు కాంగనే ఆ కాలు ఆగిపోతది, రెండు చేతులూ టామ్స్ మీదికి పోతయి, ఒళ్లంత పక్కకు తిరుగుతది, ఇగ లెక్క పెట్టేటోడు ఎవ్వడూ లేడు ఇంట్ల. అందుకని వారం రోజులు వేరే ఏం కొట్టలే, కాలు ఆపకుండ ఫిల్లు, నోటితోని తకధిమి తకధిమి అనుకుంట. బీటు బీటుకు టక్కుమనే క్లిక్‌ను రెండు బార్లు (బారంటే నాలుగు బీట్లు) మోగి రెండు బార్లు బంద్ అయ్యేటట్టు పెట్టుకున్న, మళ్ల మోగినప్పుడు నేను ఎక్కడున్ననో దాని మీద ఆధారం. మొదటి రోజైతే క్లిక్ ఒక ఊర్ల, నేను ఒక ఊర్ల. మా అమ్మ కింద నుంచి "ఇంకా ఎన్నిరోజులురా ఆ తకధిమి" అని ఒర్రింది.

వారం తర్వాత కొత్తగ కొట్టిన ఫిల్లు తేడా 10 మిల్లీసెకన్ల లోపటికి వచ్చింది. ఖుషీల కిందికి దిగి మా నాయినకు వినిపించిన. మామూలుగ ఆయనకు నా పాటలు వినిపియ్య, ఆయన అడగడు. ఆ రోజు ఎందుకో ఎదురుంగ కూసుండు, వినుమని పెట్టిన. ఆయన తాళం వెయ్యడు, తల ఊపడు. మాటలు వింటడు. కొబ్బరికాయ మాట రాంగనే చిన్నగ నవ్విండు, ఎందుకంటే మా చెల్కల పాయింటు చూపించినాయన గూడ అట్లనే చూపించిండు. రెండో చరణంల ఏం అనలే. మూడో చరణం, నాలుగు వందల యాభై, నా ఫిల్లు, సరిగ్గ గీత మీద, రెండు క్రాష్‌లు జమాయించి.

"నీళ్లు పడ్డయా?" అన్నడు.

"ఏడ?"

"పాటల."

"లేదు నాయినా, పడలే. దుమ్మే లేసింది."

"మరి గింత సంబరం ఏంది?"

నాకు జవాబు దొరకలే. ఆయన లేచి స్టార్టర్ కాడికి పోయిండు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది, మా మొదటి బోరుకు అది పనికొచ్చింది. రెండో బోరుకు కరెంటుతోని పని లేదు, దాంట్ల నీళ్లే లేవు. ఆ రెండో బోరు వేసిన రాత్రి నేను ఉన్న అక్కడ, తొమ్మిదో క్లాసుల ఉన్న. హ్యామరు బండమీద కొట్టే మోత, కంప్రెసర్ మోత, దుమ్ము ఫోకస్ లైట్ల తెల్లగ పొగమంచు లెక్క లేస్తుంటే మనుషులు మూతులకు తువ్వాలలు కట్టుకొని నిలబడ్డరు. నీళ్లు తగిలితే దుమ్ము ఆగుతది, బురద చిమ్ముతది, మోత గూడ మారుతది, అందరూ ఒర్రుతరు. మాకు ఆ రాత్రి మోత మారలే. మారలేదు గాబట్టి ఎవ్వలూ మాట్లాడలే. చివరికి డ్రైవరు ఇంజను బంద్ చేసిండు, గంతే, తెల్లారెటప్పుడు చెల్కల అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలే.

ఆ నిశ్శబ్దం ఉండాల్సిన జాగల నేను రెండు క్రాష్‌లు కొట్టిన. అది గూడ మిల్లీసెకన్లు సరిచేసుకొని మరీ.

ఇది డ్రమ్మింగు మీద ఫీడ్‌బ్యాక్ కాదు, పాట మీద అని మా దోస్తు అన్నడు. నేను ఒప్పుకోను. మా ఊర్లల్ల డప్పు రెండు గల్లీల అవుతల మోగితే మనుషులు కనపడకుండనే తెలుస్తది అది పెండ్లా, సావా, జాతరా అని. పెండ్లి దరువు వేరు, సావు దరువు వేరు, సావుకాడ పెండ్లి దరువు కొడితే "బాగా కొట్టిండు గని సందర్భం తప్పింది" అని ఎవ్వలూ అనరు, కొట్టుడు రాదు వీనికి అంటరు. డప్పు కొట్టేటోళ్లు తోలును మంట మీద కాచి, వేలితోని మీటి చూసుకొని, సరిగ్గ మోగినంకనే సిర్ర పడ్తరు. అంత జాగ్రత్త ఉన్న వాద్యం మధ్య పెరిగినం, మళ్ల దాన్ని కొట్టేటోళ్లను ఊరి చివర ఉంచినం, అది మన నీచం. నేను గూడ పాట పంపిన పదకొండు మందిల మా ఊరి డప్పు దళపోళ్లు ఒక్కరు లేరు, వాళ్లకు రాక్ ఏం తెలుస్తదిలే అనుకున్న. మా నాయినకు గూడ ఏం తెలుస్తదిలే అనే అనుకున్న.

ఒకటి మాత్రం నిజం, నాయినకు రాక్ డ్రమ్మింగు తెల్వదు. స్నేర్ రెండో బీటు మీద నాలుగో బీటు మీద పాట పొడుగూత పడుతుంటే "ఎవడో తలుపు కొడుతున్నడు, చూడరా" అన్నడు ఒకసారి, సీరియస్‌గనే. ఆ మాట పట్టుకొని నేను బ్యాక్‌బీట్ తీసెయ్య. ప్యాడ్ పిల్లగాడు గూడ కోరస్ల తీన్మార్ పెట్టుండ్రి సార్ అన్నడు, పెట్టలే. వినేటోడు ఎక్కడ నొచ్చిందో చెప్తే నమ్మాలె, ఏం మందు వెయ్యాల్నో చెప్తే ఆలోచించాలె. గ్రిడ్‌కు లాగమన్నాయన మీద నా కోపం గూడ అందుకే కొంచెం తగ్గింది, ఆయన గూడ నొప్పి సరిగ్గనే చెప్పిండు. నేను విన్లే.

అసలు తప్పు నా ప్రశ్నల ఉండె. "డ్రమ్స్ ఎట్లున్నయి" అంటే డ్రమ్స్ తెలిసినోడు డ్రమ్స్ గురించే చెప్తడు, మైకులు కొన్నోడు మైకుల గురించే చెప్తడు. ఇప్పుడైతే నేను ఎవలకన్న పాట పంపితే డ్రమ్స్ మాటే ఎత్తను. పక్కన కూసుండబెట్టి, చేతుల ఏం ఉంటే అది పని చేసుకోనిచ్చి, చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్త. తర్వాత ఒకటే అడుగుత, మూడో చరణంల ఏమైంది అని. నీళ్లు పడ్డయేమో అనుకున్న అంటే నేను మళ్ల కొట్టాలె. మా దోస్తు దీన్ని పిచ్చి అంటడు, డ్రమ్మరు మాటలు వినుడు మొదలుపెడితే బ్యాండు విడిపోయినట్టే అంటడు. విడిపోయెటందుకు ముందుగాల ఒక్క రూములకన్న రావాలె గదరా అన్న.

మూడో చరణం మళ్ల కొట్టిన. ఫిల్లు తీసేసిన. మనసు మస్తు నొచ్చింది, ఆ ఫిల్లు కోసమే కదా వారం రోజులు తకధిమి అన్నది. రెండో చరణం పొడుగూత ఫ్లోర్ టామ్ మీద హ్యామరు లెక్క ఆగకుండ ఒకటే దెబ్బ పెట్టిన, కిక్కుల పాత బొంత ఇంకో మడత కుక్కిన, మోత దూరం నుంచి వచ్చినట్టు ఉండాలని. మూడో చరణంల "నాలుగు వందల యాభై" కాడ, భై అన్న అక్షరం మీద, స్నేర్ ఒక్క దెబ్బ. ఆ తర్వాత ఏమీ లేదు. రెండు బార్లు గిటారు ఒక్కటే. హై-హ్యాట్ మీద కాలు గూడ కదిలియ్యలే, లోపల మాత్రం తకధిమి నడుస్తనే ఉంది, లేకుంటే మళ్ల ఎక్కడ దిగాల్నో తెల్వది. నిజం చెప్పాలంటే ఆ రెండు బార్లు కొట్టకుండ కూసునుడే పాట మొత్తంల కష్టం, పదకొండు టేకులు పట్టింది, చేతులు వాటికవే లేస్తయి.

ప్యాడ్ పిల్లగానికి పంపిన. "ఇక్కడ అందరూ ఆగి చేతులు లేపుతరు సార్" అని రాసిండు. బరాతు మనిషి, వానికి అట్లనే కనపడ్డది, పోనీ.

నాయినకు మళ్ల వినిపించిన. మూడో చరణం వచ్చింది. స్నేర్ దెబ్బ. ఖాళీ. ఆయన ఫోను దిక్కు చూసిండు, ఆగిపోయిందేమో అన్నట్టు, తర్వాత చూపు తీసి దర్వాజల నుంచి చెల్క దిక్కు పెట్టిండు. పాట అయిపోయెదాక ఏం మాట్లాడలే. నేను గూడ అడగలే, ఈసారి అడగొద్దని ముందే అనుకున్న.

"నాలుగు వందల యాభై అన్నడు గదా మీవోడు," అన్నడు చివరికి.

"అవు."

"మనది నాలుగు వందల ఎనభై. ముప్పై ఫీట్ల పైసలు ఎవడిచ్చిండు?"

దోస్తుకు ఫోను చేసి చెప్పిన. వాడు ముందుగాల నవ్విండు, తర్వాత పాడి చూసుకున్నడు, తర్వాత తిట్టిండు. యాభై రెండక్షరాలు, ఎనభై మూడు. గొంతు మళ్ల రికార్డు చెయ్యాలె, భై అన్నది ఒక ముక్క ఎనుకకు జరుగుతది, అంటే 156 మిల్లీసెకన్లు, నా స్నేర్ గూడ దానెంబడి జరగాలె. ఈ ఐతారం మా పక్కింట్ల పెండ్లి ఉంది, మైకులు పెట్టుడు కుదరది. పై ఐతారం కొడ్త.